జీర్ణోద్ధరణమా? సంహారమా?

విశాఖపట్టణము ఉక్కు కరగించు నగరము. 1933లో మహానౌకలకు రేవు తెరచిన పట్టణమిది; ప్రాణములొడ్డి పోరాడి, 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపనము సాధించుకొన్న పట్టణమిది. ఇచ్చట ఇంజనీర్లకు కొదువలేదు, యంత్రములకు కొదువలేదు. అయినను నూరేండ్లనాటి గోడ పగిలినప్పుడు దానికి తగిన సున్నమును నూరి, తగిన పాళ్లలో కలిపి, ఆ పగులును పూడ్పగల మేస్త్రీకై వెదకవలసి వచ్చుచున్నది. ఉక్కు తెలిసిన నగరము సున్నమును మరచినది. ఈ మరపునకు మూల్యము చెల్లించుచున్నవి మన ప్రాచీన కట్టడములు.

ఇది ఊహ కాదు. భీమునిపట్టణము త్రోవలో, సముద్రమున కెదురుగ నున్న తొట్లకొండ బౌద్ధక్షేత్రము 1976లో నౌకాదళమువారి విమాన పరిశీలనలో బయల్పడినది. తరువాత త్రవ్వకములు జరిగినవి. స్తూపములు, విహారములు, రాతిలో తొలిచిన నీటితొట్లు వెలువడినవి. శతాబ్దములపాటు మట్టిక్రింద భద్రముగ నున్న ఆ మహాస్తూపము, మన కాలమున పునర్నిర్మింపబడిన పిమ్మట, 2019 అక్టోబరు వానలకు కూలినది. పడినదానిని మరల కట్టవచ్చును. కాని మట్టి కాపాడినదానిని మన మరమ్మతు కాపాడలేకపోయెనన్న మాట మిగిలినది.

శ్రీకాళహస్తిలో జరిగినదియు మరవరానిది. 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన రాజగోపురము 2010 మే 26న నేలకూలినది. అది హఠాత్తుగ వచ్చిన విపత్తు కాదు. గోపురమున పగుళ్లు ముందే కనబడినవి. 2017 నాటికి క్రొత్త గోపురము లేచినది. భక్తులు సంతోషించిరి, మేమును సంతోషించితిమి. అయినను అది రాయల గోపురము కాదు. రోగము కంటబడియు వైద్యము వేళకందని యెడల మిగులునది ప్రతిమ మాత్రమే.

వైద్యమనుచున్నాము, ఏ వైద్యము? ఇచ్చటనే పొరపాటు జరుగుచున్నది. పాతగోడ గానుగ సున్నముతో కట్టినది. కాల్చిన సున్నమును నీట మాగవేసి, ఇసుకతో గానుగలో నూరి, కరక్కాయ నీరును బెల్లపు నీరును చేర్చి మన పెద్దలు దానిని సిద్ధము చేసెడివారు. అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మెల్లగ గట్టిపడును. తేమను లోనికి తీసికొనును, మరల వెలికి విడచును. గోడ కొంచెము కదలినను తానును సర్దుకొనును. ఒక్క మాటలో, పాతగోడ ఊపిరి పీల్చును. దానిపై సిమెంటు పూసినచో ఊపిరాడదు. లోని తేమ లోననే నిలుచును. సముద్రపు గాలి తెచ్చిన ఉప్పు ఆ తేమలో కరగి, ఆరినప్పుడు స్ఫటికమై, ఇటుకను లోపలినుండి పిండి చేయును. గోడ చవుడెక్కినదని మరల సిమెంటే పూయుదుము! గోడలో దూర్చిన ఇనుపకమ్మి సంగతియు నిట్టిదే. తుప్పు పట్టి, ఉబ్బి, పట్టుకొనవలసిన రాతినే చీల్చును.

మన ప్రాంతపు రాయికి ఈ జాగ్రత్త మరింత యవసరము. తూర్పుకనుమల ఖోండలైటు శిల చెక్కడమునకు అనుకూలమైనది, వాతావరణమునకు లొంగునది. సింహాచల క్షేత్రమును ఉద్ధరించిన గాంగరాజు నరసింహదేవుడే కోణార్కమునను ఆ రాతితోనే సూర్యదేవాలయమును కట్టించెను. ఆ సముద్రతీరమున అది యెట్లు శిథిలమైనదో, 1903 నాటికి ముఖమండపమును ఇసుకతో నింపి నిలుపవలసి వచ్చినదో లోకమెరుగును. అట్టి శిలపై ఇసుకను గాలివేగమున విసరికొట్టి శుభ్రము చేయుట, రంగునూనెలు పూయుట భక్తి కాదు. చర్మము నొలిచి స్నానము చేయించుట.

ఇక విశాఖ పాతనగరము సంగతి. బొబ్బిలి రాజావారి దాతృత్వమును చాటు పాత టౌన్‌హాలు, కురుపాం అంగడి ద్వారము, భీమిలిలో డచ్చివారి సమాధులు, ఇంకను పేరులేని మిద్దెలు పెక్కు ఉప్పుగాలిలో నిలిచియున్నవి. పాతనగరమునకు రేవు బొగ్గుధూళియు తోడైనది. 2014 అక్టోబరు 12నాటి హుద్‌హుద్ తుఫాను మనకు నేర్పవలసిన పాఠ మొకటి కలదు: రేపు వీనిలో నొకటి పడిపోయినచో, అది యెట్లుండెనో చెప్పు కొలతలు మనయొద్ద నున్నవా? పారిసులో నోత్రదాము దేవాలయము 2019 ఏప్రిలులో అంటుకొన్నప్పుడు, అంతకు పూర్వమే ఆండ్రూ టాలన్ అను పండితుడు లేజరు కిరణములతో తీసియుంచిన కొలతలు వాస్తుజ్ఞులకు తోడ్పడినవి. 2024 డిసెంబరున ఆ యాలయము తిరిగి తెరువబడినది. అట్టి సాధనములు నేడు మనదేశమునను దుర్లభములు కావు. కూలిన తరువాత కార్చు కన్నీటికంటె కూలకముందు గీచిన పటము మేలు.

సున్నపుపని ఆలస్యము, వ్యయము అధికమని కొందరందురు. ఆలస్యమే, కాదనము. కాని పదేండ్లకొకసారి ఊడు సిమెంటుపూతల వ్యయమును కూడి చూచితిరా? క్రొత్తసాధనములు వలదనియు మేమనుట లేదు. 1964లో వెనిసు నగరమున నానాదేశముల వాస్తువేత్తలు చేసికొన్న నిర్ణయము సమంజసమైనది: సంప్రదాయపు పద్ధతి చాలనిచోట, అనుభవమున నిగ్గుదేలిన నవీనపద్ధతిని వాడవచ్చును, ఊహ మొదలగుచోట పునరుద్ధరణ ఆగవలెను. తుప్పుపట్టని ఉక్కు కావలసినచోట ఉక్కునగరమే అందించవచ్చును. కాని వైద్యుడు ముందు నాడి చూడవలెను.

కావున మా కోరికలు నాలుగు. నగరపాలకులు పాతకట్టడముల పట్టికను కొలతలతో, ఛాయాచిత్రములతో సిద్ధము చేయవలెను. ఈ విద్య నభ్యసించినవాని సంతకము లేక ఏ పాతగోడపైనను తాపీ పడరాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయపు వాస్తువిద్యార్థులును, తిరుపతి శిల్పకళాశాలలో నేర్చిన స్థపతులును, మన మేస్త్రీలును ఒకచోట పనిచేయు సున్నపుశాల యొకటి విశాఖలో వెలయవలెను. పగులు కనబడినచోట దానిపై గాజుపలక నతికించి, అది విరిగెనా యని నెలనెలయు చూచు మనిషి నియమింపబడవలెను. ఈ కడపటిది అన్నిటికంటె చౌక. శ్రీకాళహస్తిని తలచినవారికి అన్నిటికంటె ముఖ్యము.

ప్రభుత్వమును మాత్రమే అడిగి ఊరకుండుట న్యాయము కాదు. ప్రాచీన కట్టడముల రక్షణకు 1904లో పరాయి ప్రభుత్వము చట్టము చేసినది. స్వతంత్రులమై మనమును 1958లో చేసికొంటిమి. చట్టము చేరని గోడలు మన చేతులలోనే యున్నవి. దేవాలయ ధర్మకర్తలు, సత్రముల యజమానులు, తాతలనాటి లోగిళ్లకు వారసులైన గృహస్థులు మా చదువరులలో నెందరో కలరు. వచ్చు వేసవిలో మరమ్మతు తలపెట్టునప్పుడు, సిమెంటు బస్తా దింపించుటకు ముందు, ఈ గోడ దేనితో కట్టినదని మీ మేస్త్రీ నొక్కమాట యడుగుడు. అతడు చెప్పలేనియెడల పని నాపుడు.