టీకాకూ విత్తనానికీ ఆంక్షల సంకెళ్లు వద్దు

హుజూరాబాద్, జమ్మికుంట ప్రాంతాల్లో యాసంగి వరి పూతకొచ్చిందంటే పొలాల్లో ఒక పని తప్పకుండా కనిపిస్తుంది. ఎండ కాస్త ఎక్కాక, వరి పూలు విచ్చుకునే ఆ కొద్దిసేపట్లో, ఇద్దరు మనుషులు మడికి చెరో పక్క నిలబడి మగ సాళ్ల మీదుగా తాడు లాగుతారు. లేచిన పుప్పొడి పక్కనున్న ఆడ సాళ్ల మీద పడుతుంది. రైతులు ఆడ-మగ వరి అని పిలుచుకునే సాగు ఇది. దేశంలో తయారయ్యే సంకర వరి విత్తనంలో అత్యధిక భాగం పాత కరీంనగర్, వరంగల్ జిల్లాల మళ్లలోనే పండుతోంది.

ఆ ఆడ మొక్క పుట్టుపూర్వోత్తరాలు ఈ రోజు గుర్తుచేసుకోవడం అవసరం. దాని పుప్పొడికి శక్తి ఉండదు. అందుకే మగ సాళ్ల పుప్పొడి కావలసి వస్తుంది. ఆ లక్షణమున్న అడవి వరి మొక్క 1970లో చైనాలోని హైనాన్ దీవిలో దొరికింది. యువాన్ లాంగ్‌పింగ్ బృందంలోని లీ బిహూ దాన్ని గుర్తించాడు. 1976 నాటికి చైనా రైతుల చేతికి సంకర వరి వచ్చింది. అప్పటికి భారత్, చైనా యుద్ధం చేసి పద్నాలుగేళ్లయింది. రెండు రాజధానుల్లోనూ రాయబారులు లేని కాలం అప్పుడప్పుడే ముగుస్తోంది. అయినా ఆ లక్షణం ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ద్వారా, మన వాతావరణానికి తగ్గ రకాలుగా మారి ఇక్కడికి చేరింది. 1989లో భారత వ్యవసాయ పరిశోధన మండలి సంకర వరిపై జాతీయ కార్యక్రమం మొదలుపెడితే, ఐక్యరాజ్యసమితి సంస్థలు అండగా నిలిచాయి. 1994లో దేశంలో విడుదలైన తొలి సంకర వరి రకాల్లో రెండు, ఏపీహెచ్‌ఆర్-1, ఏపీహెచ్‌ఆర్-2, తెలుగు నేలవే.

ఇంకో సంగతి. ఆడ సాళ్లలో కంకి పొట్టలోంచి పూర్తిగా బయటికి రాదు. వచ్చేలా చేయడానికి రైతులు చల్లే జిబ్బరెల్లిక్ ఆమ్లం ఒక బూజును పులియబెట్టి తీసే పదార్థం. వరి నారును పిచ్చిగా పొడవు సాగదీసే ఒక తెగులు మీద 1926లో జపాన్ శాస్త్రవేత్త కురొసావా చేసిన పని నుంచి అది పుట్టింది. చైనా అడవి మొక్క, ఫిలిప్పీన్స్ పరిశోధన క్షేత్రం, జపాన్ బూజు, జమ్మికుంట కూలీల చేయి: నాలుగూ కలిస్తేనే ఒక సంచి విత్తనం. ఈ గొలుసులో ఏ ఒక్క దేశమైనా ఆంక్షల పేరుతో తలుపు మూసి ఉంటే, ఉత్తర తెలంగాణలో వేలాది కుటుంబాల యాసంగి బతుకు ఇలా ఉండేది కాదు.

ఇప్పుడు ఆ తలుపులు ఒక్కొక్కటే మూసుకుంటున్నాయి. ప్రాణం నిలిపే శాస్త్రాన్ని, అంటే విత్తనాన్ని, టీకాను, రోగ నిర్ధారణ సామగ్రిని, జన్యు సమాచారాన్ని ఆర్థిక ఆంక్షల పరిధి నుంచి పూర్తిగా తప్పించాలి. మాటల్లో తప్పిస్తే చాలదు, డబ్బు చెల్లించే దారితో సహా తప్పించాలి. ఈ డిమాండును ప్రపంచం ముందు పెట్టాల్సిన దేశాల్లో మొదటిది భారత్.

నిజానికి ప్రపంచం ఈ మాట ఎప్పుడో ఇచ్చింది. 1972లో సంతకాలకు వచ్చి 1975లో అమల్లోకి వచ్చిన జీవాయుధాల నిషేధ ఒప్పందం పదో అధికరణం, శాంతియుత అవసరాలకు పరికరాలు, పదార్థాలు, సమాచారం వీలైనంత విస్తృతంగా ఇచ్చిపుచ్చుకోవాలని సభ్యదేశాలను కట్టడి చేస్తోంది. ఒప్పందం అమలు పేరుతో ఏ దేశం అభివృద్ధికీ అడ్డుపడరాదని కూడా చెబుతోంది. అయితే దాన్ని అమలు చేయించే సంస్థే లేదు. తనిఖీల వ్యవస్థ కోసం ఏళ్ల తరబడి సాగిన చర్చలను 2001లో అమెరికా తోసిపుచ్చింది. 2022లో తొమ్మిదో సమీక్షా సదస్సు ఒక కార్యాచరణ బృందాన్ని వేసి, పదో అధికరణానికి ప్రాణం పోసే యంత్రాంగాన్ని చర్చించమంది. ఏకాభిప్రాయం మాత్రం దొరకడం లేదు.

ఆంక్షలు పెట్టేవారి భయానికి ఆధారం లేకపోలేదు. ఇరాక్‌లోని అల్ దౌరాలో గాలికుంటు వ్యాధి టీకా తయారుచేసే కర్మాగారం ఉండేది. సద్దాం హుసేన్ ప్రభుత్వం అక్కడే బొటులినం విషాన్ని తయారుచేసింది. పశువుల టీకాకు వాడే తొట్టెలోనే విషమూ తయారవుతుందని ఆ ఉదంతం రుజువు చేసింది. 1996లో ఐక్యరాజ్యసమితి తనిఖీ బృందం ఆ కర్మాగారాన్ని పనికిరాకుండా చేసింది. తర్వాత జరిగింది కూడా చెప్పాలి. 1998-99లో ఇరాక్‌లో గాలికుంటు వ్యాధి విజృంభించి లక్షల పశువులకు సోకింది. అప్పటికి దేశంలో టీకా తయారీ లేదు, ఆంక్షల మధ్య బయటి నుంచి తెచ్చుకోవడమూ గగనమైంది. ఎద్దు పడిపోతే దుక్కి ఆగిపోతుందని తెలిసిన ఆదిలాబాద్ రైతుకు ఆ బాధ ఎవరూ వివరించనక్కర్లేదు. ఆయన అదృష్టమేమిటంటే, అదే వ్యాధికి టీకా చేసే ఇండియన్ ఇమ్యునలాజికల్స్ 1982 నుంచి హైదరాబాద్‌లోనే ఉంది. విషం చేసిన పాలకుణ్ని పట్టుకోవాల్సిందే. దానికి తనిఖీలు కావాలి. పశువుల టీకా ఆపేయడం తనిఖీ కాదు.

మందులకు ఆంక్షలు వర్తించవు కదా అని వాషింగ్టన్ ప్రతిసారీ చెబుతుంది. చట్టంలో ఆ మినహాయింపు ఉన్నమాట నిజమే. మందు కొనడానికి మాత్రం బ్యాంకు కావాలి, ఓడ కావాలి, బీమా కావాలి. జరిమానాల భయంతో ఈ ముగ్గురూ వెనక్కి తగ్గితే మినహాయింపు వల్ల రోగికి ఒరిగేదేమీ లేదు. 2018లో అమెరికా అణు ఒప్పందం నుంచి వైదొలగి ఆంక్షలు మళ్లీ విధించాక ఇరాన్‌లో తలసీమియా రోగులు అనుభవించింది ఇదే. పదేపదే రక్తం ఎక్కించుకునే వారి శరీరంలో పేరుకునే ఇనుమును తొలగించే మందులు కొరతపడ్డాయి. ఇరాన్‌తో చెల్లింపుల కోసం యూరప్ దేశాలు 2019 జనవరిలో ఇన్‌స్టెక్స్ అనే ప్రత్యేక సంస్థను పెట్టాయి. 2023లో మూసేసే నాటికి దాని ద్వారా జరిగిన లావాదేవీ ఒకే ఒక్కటి.

క్యూబా అనుభవం ఇంకా పాతది. 1962 నుంచి అమెరికా దిగ్బంధంలో ఉన్నా, ఆ చిన్న దేశం 1986లో హవానాలో జన్యు ఇంజనీరింగ్ కేంద్రం కట్టుకుని సొంతంగా టీకాలు చేసుకుంది. బెంగళూరులోని బయోకాన్ క్యూబా పరిశోధకులతో చేతులు కలిపి, తల, మెడ క్యాన్సర్‌కు వాడే యాంటీబాడీ ఔషధాన్ని 2006లో మన దేశంలోకి తెచ్చింది. అంటే ఆంక్షలు లేకపోతే లాభపడేది క్యూబా ఒక్కటే కాదు, మన రోగులు కూడా. 2020 ఏప్రిల్‌లో కరోనా ముమ్మరంగా ఉండగా, క్యూబాకు వెంటిలేటర్లు అమ్ముతున్న రెండు స్విస్ కంపెనీలు ఆ అమ్మకం ఆపేశాయి. కారణం, వాటిని ఒక అమెరికా సంస్థ కొనేయడమే.

హైదరాబాద్‌కూ ఈ గాలి తగిలింది. రష్యా స్పుత్నిక్-వి టీకా కోసం డాక్టర్ రెడ్డీస్ 2020లోనే రష్యా ప్రత్యక్ష పెట్టుబడుల నిధితో ఒప్పందం చేసుకుంది. హెటెరో, గ్లాండ్ ఫార్మా తయారీకి ముందుకొచ్చాయి. రెండో వేవ్ ఊళ్లను ఊపేస్తున్న 2021 మే 14న ఆ టీకా తొలి డోసు హైదరాబాద్‌లోనే వేశారు. 2022 ఫిబ్రవరి 28న అమెరికా అదే నిధిపై ఆంక్షలు విధించింది. అప్పటికి మన దగ్గర టీకాల కొరత తీరింది కనుక ఎవరూ పట్టించుకోలేదు. ఆ ఉత్తర్వు తొమ్మిది నెలల ముందు, కరీంనగర్‌లో ఆక్సిజన్ పడక కోసం జనం పరుగులు తీస్తున్న రోజుల్లో వచ్చి ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు.

మున్ముందు ఈ దెబ్బ ఎక్కడ గట్టిగా తగలవచ్చో చూడాలంటే ఉట్నూరు ఏజెన్సీకి వెళ్లాలి. ఆదిలాబాద్, కుమురం భీం జిల్లాల గోండులు, ఇతర ఆదివాసీల్లో సికిల్ సెల్ వ్యాధి తరతరాలుగా ఉంది. రక్తంలోని బీటా గ్లోబిన్ జన్యువులో ఒక్క అక్షరం మారడమే దీనికి మూలం. ఎర్ర కణాలు కొడవలి ఆకారంలోకి వంగి సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. పిల్లలు ఒళ్లునొప్పులతో విలవిల్లాడతారు, కామెర్లు వస్తాయి, బడి మానేస్తారు. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 17 రాష్ట్రాల్లో 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని, 2047 నాటికి వ్యాధిని తొలగించాలని లక్ష్యం పెట్టుకుంది. అందులో తెలంగాణ కూడా ఉంది.

జన్యు సవరణతో ఈ వ్యాధిని నయం చేసే చికిత్సకు 2023 డిసెంబరులో అమెరికా అనుమతి ఇచ్చింది. ధర 22 లక్షల డాలర్లు. ఇంద్రవెల్లి కూలీకి అది అందదు. అందుకే సీఎస్‌ఐఆర్ శాస్త్రవేత్తలు దేశీయంగా జన్యు సవరణ చికిత్స రూపొందించి, 2025 నవంబరులో బిర్సా 101 పేరుతో ప్రకటించడం పెద్ద ఆశ. అయితే ఇలాంటి పరిశోధనకు కావలసిన సీక్వెన్సింగ్ యంత్రాలు, ఎంజైములు, రసాయనాలు, పోల్చి చూసే జన్యు సమాచారం నాలుగు దేశాల నుంచి రావాల్సినవే. 2025 మార్చిలో చైనా, అమెరికా కంపెనీ ఇల్యూమినా సీక్వెన్సర్ల దిగుమతిని నిషేధించింది. ఏప్రిల్‌లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ, చైనా, రష్యా, ఇరాన్, క్యూబా, ఉత్తర కొరియా, వెనెజువెలా పరిశోధకులకు తన నియంత్రిత జన్యు సమాచార నిధులను మూసేసింది. క్యూబా 1980లలోనే గర్భిణులకు సికిల్ సెల్ పరీక్షలు జాతీయ స్థాయిలో మొదలుపెట్టిన దేశం. ఆ అనుభవం ఉన్న వైద్యుల్ని బయటికి నెట్టడం వల్ల ఎవరికి భద్రత? ఆ జాబితాలో నేడు భారత్ లేదు. కానీ 1998లో పోఖ్రాన్ పరీక్షల తర్వాత రెండు వందలకు చేరువగా మన సంస్థలను అమెరికా నిషేధ జాబితాలో పెట్టిన సంగతి మరిచిపోకూడదు.

ఇంత చెప్పాక ఢిల్లీని కూడా నిలదీయాలి. 2022 డిసెంబరులో భద్రతా మండలి ఆంక్షలన్నిటి నుంచి మానవీయ సాయానికి మినహాయింపునిచ్చే 2664 తీర్మానం వచ్చినప్పుడు 14 దేశాలు అనుకూలంగా ఓటేస్తే, తటస్థంగా ఉన్న ఒకే ఒక్క దేశం భారత్. సాయం ముసుగులో ఉగ్రవాద ముఠాలు లాభపడతాయన్న ఆందోళన న్యాయమైనదే. దానికి షరతులు అడగవచ్చు. చేయి దించుకుని కూర్చోవడం సరికాదు. 2021 ఏప్రిల్ నుంచి నెలల తరబడి టీకా ఎగుమతులు ఆపి, మన మీదే ఆశ పెట్టుకున్న ఆఫ్రికా దేశాలను ఎదురుచూసేలా చేసిందీ మనమే. ఇంట్లో మంటలున్నాయన్నది నిజం. మాట ఇచ్చాక తప్పడమూ నిజం.

ఏం చేయాలో తెలియక ఆగాల్సిన పని లేదు. 2012లో ఇరాన్ చమురుకు రూపాయల్లో చెల్లించేందుకు యూకో బ్యాంకులో ఏర్పాటు చేశారు. ఆ రూపాయలతో ఇరాన్ మన బియ్యం, టీ, మందులు కొనుక్కుంది. 2019లో చమురు కొనుగోలు ఆగడంతో ఆ దారి ఎండిపోయింది. ఇప్పుడు చమురుతో ముడిపెట్టకుండా టీకాలు, మందులు, విత్తనం, ప్రయోగశాల సామగ్రి కోసమే అలాంటి ఖాతా తెరవాలి. అందులోని ప్రతి లావాదేవీ ఐక్యరాజ్యసమితి చూడగలిగేలా బహిరంగంగా ఉంచాలి. దుర్వినియోగం అవుతుందన్న అభ్యంతరానికి జవాబు అందులోనే ఉంది. జెనీవాలో జరిగే జీవాయుధాల ఒప్పందం చర్చల్లో పదో అధికరణానికి యంత్రాంగం కోరేటప్పుడు కూడా భారత్ ఇదే నమూనా చూపాలి. 2018 నుంచి ఎగుమతి నియంత్రణలు పాటించే ఆస్ట్రేలియా గ్రూపులో సభ్యత్వం ఉంది కాబట్టి, నియంత్రణ వైపు వారితోనూ అలీన దేశాలతోనూ మాట్లాడగల స్థానం మనకు ఉంది. ఆ స్థానాన్ని వాడుకోకుండా వదిలేయడం తప్పు.

తెలంగాణ ప్రభుత్వానికీ ఇందులో పాత్ర ఉంది. జీనోమ్ వ్యాలీ గురించి గొప్పగా చెప్పుకునే రాష్ట్రం, ఆంక్షల వల్ల తన కంపెనీలకు ఏ ముడిసరుకు ఆగుతోందో, ఏ చెల్లింపు తిరిగొస్తోందో లెక్క తీసి కేంద్రానికి ఇవ్వాలి. రాబోయే బయో ఆసియా సదస్సులో పెట్టుబడుల ఒప్పందాల పక్కనే ఈ విషయానికీ ఒక పూట కేటాయించి, హవానా, టెహ్రాన్ రక్తవ్యాధుల వైద్యులతో పాటు ఉట్నూరు ఐటీడీఏ ఆసుపత్రుల్లో సికిల్ సెల్ పిల్లల్ని చూసే వైద్యులను కూడా వేదిక మీదికి పిలవాలి.