కరకంబాడి మూసివేత ఉత్తర్వు: కాలుష్య మండలి మాటకు బలమెక్కడిది?

2021 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి అమరరాజా బ్యాటరీస్ సంస్థకు చెందిన రెండు కర్మాగారాలను మూసేయాలని ఆదేశించింది. ఒకటి తిరుపతిని ఆనుకుని రేణిగుంట మండలం కరకంబాడిలో ఉంది. రెండోది చిత్తూరు దగ్గర బంగారుపాళెం మండలం నూనెగుండ్లపల్లిలో ఉంది. ఆ వెంటనే కరెంటు నిలిపేశారు. మే 6న హైకోర్టు ఆ ఉత్తర్వును తాత్కాలికంగా పక్కన పెట్టడంతో ఉత్పత్తి మళ్లీ మొదలైంది. వారం తిరగకుండానే జరిగిన ఈ పరిణామాల వెనక రెండు ప్రశ్నలున్నాయి. ఆ కర్మాగారాల నుంచి సీసం నిజంగా ఎంత బయటికి వస్తోంది? ఆ సంగతి చెప్పాల్సిన మండలి మాటను ఎంతవరకు నమ్మాలి? రెండో ప్రశ్న తేలకపోవడం వల్లే మొదటిదానికి జనం నమ్మే జవాబు ఇప్పటికీ రాలేదు.

సీసపు బ్యాటరీ తయారీ స్వభావరీత్యానే ప్రమాదంతో కూడిన పని. సీసాన్ని కరిగించి పలకలు పోస్తారు. సీసపు ఆక్సైడు పొడిని ముద్దగా కలిపి ఆ పలకలకు పట్టిస్తారు, తర్వాత గంధకామ్లం నింపుతారు. పొగ గొట్టం నుంచి వచ్చేదాని కన్నా కంటికి ఆనని దుమ్ముతోనే ముప్పెక్కువ. అది కార్మికుల బట్టలకు, చెప్పులకు అంటుకుని ఇంటిదాకా వెళ్తుంది. ఒంట్లోకి చేరిన సీసం ఎముకల్లో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. పెద్దల్లో రక్తపోటు, మూత్రపిండాల జబ్బు, పిల్లల్లో బుద్ధి వికాసం కుంటుపడటం దాని ఫలితాలు. ఇంతవరకైతే ఫర్వాలేదని చెప్పగల మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. రక్తంలో డెసీలీటరుకు 5 మైక్రోగ్రాములు తేలితే కారణం వెతికి చర్య తీసుకోవాలని 2021లో మార్గదర్శకాలిచ్చింది. మన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనూ ప్రభుత్వానికి తప్పక తెలపాల్సిన వృత్తి వ్యాధుల పట్టికలో సీసపు విషప్రభావాన్ని చేర్చారు. కాబట్టి ఇలాంటి పరిశ్రమపై గట్టి నిఘా ఉండటం న్యాయమే. అది ఎవరి పరిశ్రమ అన్నదానితో నిమిత్తం లేదు.

అయితే ఈ పరిశ్రమ ఎవరిదన్నదే మొత్తం వివాదానికి రంగు పులిమింది. చిత్తూరు జిల్లా పేటమిట్టకు చెందిన గల్లా రామచంద్రనాయుడు అమెరికాలో ఇంజినీరుగా పనిచేసి తిరిగొచ్చి 1985లో ఈ సంస్థను నెలకొల్పారు. అమెరికా కంపెనీ జాన్సన్ కంట్రోల్స్ దీనిలో భాగస్వామిగా చేరింది. 2000లో వచ్చిన ఆమరాన్ బ్యాటరీ దేశమంతటా పేరు తెచ్చింది. వర్షాధార వేరుశనగ, మామిడి తప్ప మరో ఆధారం అంతగా లేని ఊళ్లలో వేలమందికి నెల జీతం అందింది. చిత్తూరు సహకార డెయిరీ 2002లో మూతపడింది. చిత్తూరు, గాజులమండ్యం సహకార చక్కెర ఫ్యాక్టరీలూ ఆగిపోయాయి. అలాంటి చోట ఫ్యాక్టరీకి తాళమంటే జనం ఉలిక్కిపడటం సహజం. మరోపక్క ఆ కుటుంబం రాజకీయాల్లో ఉంది. గల్లా అరుణకుమారి కాంగ్రెస్ ప్రభుత్వాల్లో మంత్రిగా పనిచేశారు. గల్లా జయదేవ్ 2014లోనూ 2019లోనూ గుంటూరు నుంచి తెలుగుదేశం ఎంపీగా గెలిచారు. మూసివేత ఉత్తర్వు వచ్చేనాటికి రాష్ట్రంలో వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వం ఉంది.

ఉత్తర్వుకు పది నెలల ముందు, 2020 జూన్‌లో, అదే గ్రూపుకు నూనెగుండ్లపల్లి ప్రాంతంలో గతంలో కేటాయించిన 483 ఎకరాల్లో సుమారు 253 ఎకరాలు వెనక్కి తీసుకుంటూ ప్రభుత్వం జీవో ఇచ్చింది. భూమిని వాడుకోలేదన్నది దానికి చెప్పిన కారణం. హైకోర్టు ఆ జీవోను నిలిపేసింది. ఆ తర్వాత వచ్చిన కాలుష్య ఉత్తర్వును చాలామంది దానికి కొనసాగింపుగానే చూశారు. గాలిలో, నేలలో, ఉద్యోగుల రక్తంలో సీసం హద్దు మీరిందని మండలి చెప్పింది. సంస్థ ఆ ఆరోపణలను తోసిపుచ్చింది. ఆ కంపెనీ తనంత తాను వెళ్లిపోవడం లేదని, కాలుష్యం వల్ల ప్రభుత్వమే వెళ్లమంటోందని అర్థం వచ్చేలా ప్రభుత్వ సలహాదారు సజ్జల రామకృష్ణారెడ్డి 2021 ఆగస్టులో మాట్లాడారు. విచారణ ఇంకా కోర్టులో ఉండగా ప్రభుత్వం నుంచి ఆ మాట రావడం మండలికే ఎక్కువ చేటు చేసింది. దాని దగ్గరున్న పరీక్షా ఫలితాలు నిజమే అయినా వాటిని శాస్త్రంగా చూసేవాళ్లు తగ్గిపోయారు. వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2022 మేలో మండలి చర్యలపై స్టే వచ్చింది.

మండలి మాటకున్న ఈ బలహీనత చట్టంలోనే ఉంది. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం ప్రకారం మండలి ఛైర్మన్‌ను, సభ్య కార్యదర్శిని రాష్ట్ర ప్రభుత్వమే నియమిస్తుంది. ప్రభుత్వం రాతపూర్వకంగా ఇచ్చే ఆదేశాలకు మండలి కట్టుబడాలని 18వ సెక్షన్ చెబుతోంది. నియామకాలకు స్పష్టమైన అర్హతలు పెట్టాలని సుప్రీంకోర్టు 2017లో రాష్ట్రాలను ఆదేశించాల్సి వచ్చింది. భోపాల్ దుర్ఘటన తర్వాత చేసిన సవరణలతో జల చట్టంలో 33ఎ, వాయు చట్టంలో 31ఎ సెక్షన్లు వచ్చాయి. ఫ్యాక్టరీ మూసేయమని, కరెంటు, నీళ్లు ఆపమని ఆదేశించే అధికారం వాటితోనే మండలికి దక్కింది. కానీ నోటీసుకూ తాళానికీ నడుమ వాడుకోదగ్గ మెట్లు చాలాకాలం లేవు. జరిమానా వేయించాలంటే క్రిమినల్ కోర్టుకెళ్లి ఏళ్లపాటు కేసు నడపాల్సి వచ్చేది. దాంతో మండళ్లు ఏళ్ల తరబడి నోటీసులతో సరిపెట్టడం, హఠాత్తుగా ఒకరోజు మూసేయమనడం అలవాటుగా మారింది.

ఈ మండలే అంతకు ఏడాది ముందు విశాఖలో ఎలా పనిచేసిందో అందరికీ తెలుసు. 2020 మే 7న వెంకటాపురం దగ్గర ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది ప్రాణాలు పోయాయి. కేంద్ర పర్యావరణ అనుమతి లేకుండానే అక్కడ ఏళ్లపాటు ఉత్పత్తి సాగింది, మండలి అనుమతులు మాత్రం వస్తూనే ఉన్నాయి. జాతీయ హరిత ట్రైబ్యునల్ 50 కోట్ల రూపాయలు జమ చేయమన్నది ప్రాణాలు పోయాకే. తమిళనాడులో తూత్తుకుడి స్టెర్లైట్ రాగి కర్మాగారం కథా అంతే. 2013లోనే సుప్రీంకోర్టు ఆ సంస్థపై 100 కోట్ల పరిహారం విధించింది. 2018 మేలో నిరసనకారులపై పోలీసు కాల్పుల్లో 13 మంది చనిపోయాక గాని శాశ్వత మూసివేత ఉత్తర్వు రాలేదు. ఆ మూసివేతపై స్టెర్లైట్ యజమాని వేదాంత వేసిన అప్పీలును 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. విశాఖలో చూసీచూడనట్టు ఉన్న వ్యవస్థ కరకంబాడిలో రాత్రికి రాత్రి కఠినమైతే దానికి కారణం జనం వేరేచోట వెతుకుతారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు.

నష్టం ఇరుపక్కలా జరిగింది. 2022 డిసెంబర్‌లో అమరరాజా తెలంగాణ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో పదేళ్లలో 9,500 కోట్ల రూపాయలతో లిథియం అయాన్ సెల్ కర్మాగారం పెడతామని ప్రకటించింది. 2023 మేలో శంకుస్థాపన జరిగింది. పాత బ్యాటరీల నుంచి సీసం తీసే కేంద్రానికి తమిళనాడులోని చెయ్యారును ఎంచుకుంది. ఒక్క మూసివేత ఉత్తర్వే ఇందుకు కారణమనడం అతిశయోక్తి. రాష్ట్రాలు రాయితీలతో పోటీ పడుతున్న కాలమిది. అయినా సొంత జిల్లాలో పుట్టిన సంస్థ తర్వాతి తరం సాంకేతికతను బయట పెట్టుకోవడం చిన్న సంగతి కాదు. దీనికన్నా పెద్ద నష్టం కర్మాగారం పక్కన ఉండేవాళ్లది. కోర్టు ఆపింది కాబట్టి కాలుష్యం లేదని కొందరు, మండలి చెప్పింది కాబట్టి ఉందని కొందరు తేల్చేసుకున్నారు. తమ బావి నీళ్లలో ఏముందో అక్కడి జనానికి మాత్రం ఎవరూ చెప్పలేదు.

చట్టంలో కొంత కదలిక వచ్చింది. 2024లో జల చట్టానికి చేసిన సవరణ జైలు శిక్షల్లో చాలావాటిని తీసేసి, 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానా వేసే అధికారిని ఏర్పరచింది. అయితే రాష్ట్ర శాసనసభ తీర్మానిస్తేనే అది ఆ రాష్ట్రానికి వర్తిస్తుంది. పర్యావరణ నష్టానికి మండళ్లే పరిహారం విధించవచ్చని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. వీటితో మధ్య మెట్లు ఏర్పడుతున్నాయి. నియామకాలు మాత్రం ఇప్పటికీ రాష్ట్ర ప్రభుత్వం చేతిలోనే ఉన్నాయి.

మండలి మాటకు బలం రావాలంటే కొలతలు వివాదానికి ముందే మొదలవ్వాలి, ప్రభుత్వం మారినా ఆగకూడదు. అందుకు కావలసిన సంస్థలు ఈ ప్రాంతంలోనే ఉన్నాయి. ఏర్పేడు వైపు ఐఐటీ, ఐసర్, తిరుపతిలో స్విమ్స్, ఎస్వీ వైద్య కళాశాల ఉన్నాయి. కరకంబాడి, నూనెగుండ్లపల్లి చుట్టుపక్కల మట్టిలో, బావుల్లో, చెరువుల్లో సీసాన్ని ఏటా ఒకే పద్ధతిలో కొలవాలి. కార్మికుల రక్త పరీక్షల లెక్కను పేర్లు లేకుండా, విభాగాల వారీగా వెల్లడించాలి. అంగన్‌వాడీ పిల్లలకూ ఈ పరీక్ష చేయాలి. ఫలితాలను తెలుగులో పంచాయతీ కార్యాలయం గోడకు అంటించాలి. ఖర్చు పరిశ్రమలు కట్టే అనుమతి రుసుముల్లోంచే పెట్టొచ్చు. అప్పుడు మళ్లీ ఎప్పుడైనా మూసివేత ఉత్తర్వు ఇవ్వాల్సి వస్తే, మండలి పదేళ్ల లెక్కతో హైకోర్టు ముందు నిలబడగలదు. కంపెనీ శుద్ధిగా ఉంటే అదే లెక్క కంపెనీకీ అక్కరకొస్తుంది.