గొలుసులోని తాళపుకప్పలు

ఉద్యోగము మానివెళ్లే గుమాస్తా చేతినుండి బీరువా తాళపుచెవులు తిరిగి పుచ్చుకొనుట ప్రతి కార్యాలయములోను ఉన్న ఆచారమే. కంప్యూటరు సర్వర్ల విషయములో మాత్రము ఈ ఆచారము తరచు మరుగున పడుతున్నది. మనిషి వెళ్లిపోయి మూడేండ్లు గడచినా, వేలమైళ్ల దూరాన ఉన్న సర్వరు అతనికి తలుపు తీయుటకు సిద్ధముగానే ఉంటుంది. చిత్రమేమంటే, ఇక్కడ అతని చేతినుండి పుచ్చుకొనవలసినది ఏదీ లేదు. తీయవలసినది తలుపు మీదనే ఉన్నది.

ఇది బోధపడవలెనంటే 1995వ సంవత్సరమునకు వెళ్లవలెను. ఫిన్‌లాండులోని హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయపు నెట్‌వర్కులో ఎవరో పొంచియుండి, తీగల వెంట పోయే పాస్‌వర్డులను దొంగిలించినారు. ఆ రోజులలో దూరపు యంత్రములోనికి ప్రవేశించుటకు వాడే టెల్‌నెట్, పాస్‌వర్డును పోస్టుకార్డు మీద వ్రాసినట్లు బట్టబయలుగా పంపేది. అక్కడి పరిశోధకుడు తాతు యులోనెన్ దీనికి విరుగుడుగా ఆ ఏడే ఒక ప్రోగ్రాము వ్రాసినాడు. అదే ఎస్‌ఎస్‌హెచ్. 1999లో ఓపెన్‌బీఎస్‌డీ బృందము తెచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ అనే ఉచిత రూపము నేడు లోకమంతటా వ్యాపించినది. హైదరాబాదులో కూర్చుండి అమెరికాలోని సర్వరును చక్కబెట్టే మన యువకులకు ఇది నిత్యకృత్యము.

ఈ పద్ధతిలో పాస్‌వర్డుకు బదులు ఒక జత ఉంటుంది. ప్రైవేట్ కీ తాళపుచెవి వంటిది. అది యజమాని కంప్యూటరు దాటి పోదు. పబ్లిక్ కీ తాళపుకప్ప వంటిది. ఎవరు చూసినా నష్టము లేదు. నలుగురు భాగస్థులున్న మామిడితోట గేటును ఊహించండి. ఒకే గొలుసులో నాలుగు కప్పలు లంకెలుగా వేసి ఉన్నవి. ఏ ఒక్కటి తీసినా గేటు తెరచుకొంటుంది. ఒక భాగస్థుడు విడిపోయినప్పుడు ‘నా చెవి పారవేసినాను’ అని అతడు చెప్పినంత మాత్రాన సరిపోదు. నకలు లేదని ఎవరు చెప్పగలరు? గొలుసులోనుండి అతని కప్పనే తీసివేయవలెను.

సర్వరులో ఆ గొలుసు ఒక చిన్న ఫైలు. ప్రతి ఖాతాదారుని సొంత డైరెక్టరీలో, చుక్కతో మొదలయ్యే ఎస్‌ఎస్‌హెచ్ అనే మరుగు డైరెక్టరీలో, ‘ఆథరైజ్డ్ కీస్’ అను పేర ఉంటుంది. పంక్తికొక పబ్లిక్ కీ. బొమ్మలు, బటన్లు లేని నల్లని తెర మీద కమాండ్లు టైపు చేసి ఆ పంక్తిని చెరపవలెను. పని ఒక నిమిషములో అయ్యేదే. చెడగొట్టుకొనుటకు అంతకన్న తక్కువ కాలము చాలును.

ముందు ఫైలుకు నకలు తీసి ఉంచవలెను. పంక్తి చివర ఒక పేరు కనబడుతుంది గాని, అది ఎవరో తోచినట్లు వ్రాసుకొన్న గుర్తు మాత్రమే, దానిని నమ్మరాదు. ‘ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్’ అనే సాధనము ప్రతి కీ యొక్క వేలిముద్రను చూపుతుంది. దానిని పోల్చిచూచి, పంక్తిని ఆసాంతము తొలగించవలెను. పాస్‌వర్డు ప్రవేశమును ఆపివేసిన సర్వరులో మీ సొంత పంక్తియే పొరపాటున చెరిగినచో, గేటు బయట నిలబడవలసినది మీరే. అందుచేత ఉన్న కిటికీని మూయకుండా, రెండవ కిటికీ తెరచి లోపలికి పోగలుగుతున్నారో లేదో చూచుకొనుట మంచిది. దీనిని చాదస్తమనేవారు ఉన్నారు. వారు అర్ధరాత్రి బయట చిక్కుకొనలేదన్నమాట.

ఇంకొక చిక్కు కలదు. కప్ప తీసినంతలో, అప్పటికే తోటలో కూర్చున్నవాడు లేచిపోడు. ‘హూ’ అనే కమాండుతో లోపల ఎవరున్నారో చూచి, వారి సంధానమును వేరుగా తెంచవలెను. అదే కీ రూట్ ఖాతాలోను, పక్క యంత్రములలోను ఉన్నదేమో కూడ వెదకవలెను.

ఈ వెదకులాట ఒకమారు ప్రపంచమంతటా ఒక్కసారిగా జరిగినది. 2006లో డెబియన్ లినక్సులోని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో ఒక మార్పు జరిగి, కీల తయారీలోని యాదృచ్ఛికత దాదాపు హరించిపోయినది. ఒక్కొక్క రకము, పొడవు గల కీలు సుమారు 32 వేలకు మించి పుట్టే అవకాశము లేకపోయినది. అన్నిటిని ముందే తయారుచేసి ఒక్కొక్కటిగా ప్రయత్నించుట కంప్యూటరుకు ఎంత పని? సంగతి 2008 మే 13న ప్రకటించినారు. డెబియన్ వాడనివారు కూడ ఊపిరి పీల్చుకొనుటకు వీలు లేకపోయినది. డెబియన్ యంత్రములో పుట్టిన కీ ఏ సర్వరు గొలుసులో ఉన్నా ఆ సర్వరుకు ప్రమాదమే. డెబియన్ వారు బలహీనమైన కీల జాబితాను విడుదల చేసి, వాటిని తిరస్కరించే ఏర్పాటును తమ ఎస్‌ఎస్‌హెచ్‌లో చేర్చినారు. తక్కిన సర్వర్లలో నిర్వాహకులే ఫైలు తరువాత ఫైలు తెరచి, ఆ పంక్తులను పట్టి చెరపవలసి వచ్చినది.