సైకిల్ సరిగా రానివాళ్ళే ముందు ఉండాలి



ఆదివారం సైకిల్ ప్రయాణానికి "బాగా వచ్చినవాళ్ళు మాత్రమే" అని నోటీసు బోర్డు మీద 8 పేర్లు వేశారు. అందులో నా పేరు కూడా ఉంది. అయినా ఈ పద్ధతి బాగాలేదని నా అభిప్రాయం. ఎందుకు బాగాలేదో రాస్తున్నాను. ఇది చదివి ఎవరికైనా కోపం వస్తే నన్ను అడగండి గానీ, పక్కన అంటించిన 6వ తరగతి చెల్లి బొమ్మని చింపకండి.

ఆ 8 మంది ఎవరు? నేను లెక్క చూశాను. 6 మంది రోడ్డు పక్క ఊళ్ళవాళ్ళు. ఇంట్లో అన్నయ్యదో మావయ్యదో సైకిల్ ఉంది, చిన్నప్పుడే కడ్డీ మధ్యలోంచి కాలు పెట్టి తొక్కడం నేర్చుకున్నారు. మిగతా ఇద్దరం పై ఊళ్ళ నుంచి వచ్చి ఇక్కడి గ్రౌండులోనే నేర్చుకున్నాం. లిస్టులో లేనివాళ్ళు ఇంచుమించు అందరూ పై ఊళ్ళ పిల్లలే. మా ఊరికి జీపు రాదు. కడుపుతో ఉన్నవాళ్ళకి నొప్పులొస్తే డోలీ కట్టి కిందకి మోసుకొస్తారు. ఆ దారిలో సైకిల్ ఏటి తొక్కుతారు? సైకిల్ ఉంటే దాన్ని కూడా మనమే మొయ్యాలి. అందుకని సైకిల్ రాదు అంటే తెలివి లేదని కాదు, ధైర్యం లేదని కాదు. ఊరికి రోడ్డు లేదు, అంతే. అక్కడ రోడ్డు లేక నేర్చుకోలేదు, ఇక్కడ నేర్చుకోలేదని రోడ్డు ఎక్కనివ్వం అంటే ఇంక ఎప్పుడు నేర్చుకుంటారు?

మేడమ్ గారి భయం తప్పు అని నేను అనను. పోయిన నెల మన స్నేహితురాలు పల్లంలో పడి మోచెయ్యి గీసుకుపోయింది. ఎవరికైనా ఏమైనా అయితే పైవాళ్ళు మేడమ్‌నే అడుగుతారు, ఇంటి దగ్గరనుంచి వచ్చి అమ్మానాన్నలు కూడా మేడమ్‌నే అడుగుతారు. కానీ ఆ రోజు ఎలా పడిందో వెనక నుంచి చూసినవాళ్ళం చెప్పాలి. ఆ అమ్మాయి నెమ్మదిగా బాగానే వస్తోంది. ముందున్నవాళ్ళు బెల్లు కొట్టుకుంటూ మలుపు దాటి కనబడకుండా పోయారు. ఒక్కతే మిగిలిపోతానని భయపడి గబగబా తొక్కింది. పల్లం వచ్చేసరికి ముందు చక్రం బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టేసింది. రాకపోవడం వల్ల పడలేదు, అందుకోవాలని పడిపోయింది. వదిలేసి వెళ్ళినవాళ్ళ పేర్లు లిస్టులో ఉన్నాయి, పడినమ్మాయి పేరు తీసేశారు. ఇది నాకు న్యాయం అనిపించలేదు.

మనవాళ్ళు శుక్రవారం అరకు సంతకి ఎలా నడుస్తారో అందరికీ తెలుసు. ఒకరి వెనక ఒకరు వరసగా దిగుతారు. తలమీద బరువు ఉన్నవాళ్ళూ ముసలమ్మలూ ఎంత నడిస్తే మిగతావాళ్ళు కూడా అంతే. గెడ్డ దగ్గర ఆగి చివరి మనిషి వచ్చాకే దాటుతారు. బలం ఉన్నవాళ్ళు ముందే సంతకి చేరిపోయి ఏం చేస్తారు, ఉప్పు ఒక్కళ్ళే కొనుక్కుంటారా? పశువులు కాసేవాడు కూడా మంద వెనకే ఉంటాడు. కుంటి దూడని వదిలేసి వస్తే ఇంట్లో అన్నం పెట్టరు. ఇవన్నీ తెలిసినవాళ్ళమే, సైకిల్ ఎక్కేసరికి మర్చిపోతున్నాం.

అందుకని నా మాట ఏమిటంటే, బాగా వచ్చిన ఒక్కరు అన్నిటికంటే ముందు వెళ్ళాలి. ఆ ఒక్కరికి వేగం కాదు, దారి తెలియాలి. ఆవిడ వెనకే కొత్తవాళ్ళు ఉండాలి. వాళ్ళు ఎంత తొక్కగలిగితే ప్రయాణం అంతే. అందరికంటే చివర మనలో బాగా తొక్కేవాళ్ళని పెట్టాలి. గాలిపంపూ పంచరు సామానూ వాళ్ళ దగ్గరే ఉండాలి, చివరి మనిషిని దాటి వాళ్ళు ముందుకి పోకూడదు. ఇప్పుడు మనం సరిగ్గా తలకిందులుగా చేస్తున్నాం. పంపు ముందువాళ్ళ క్యారేజీ మీద కట్టేసి ఉంటుంది, చైను ఊడినవాళ్ళు రెండు మలుపుల వెనక నిలబడి అరుస్తూ ఉంటారు. పి.ఇ.టి. మేడమ్ స్కూటీ కూడా వెనకే వస్తే మంచిది.

వేగంగా తొక్కేవాళ్ళు "మేమేటి, నత్తల్లాగ పాకాలా?" అంటున్నారు. వాళ్ళది కూడా వినాలి. ఆదివారం ఒక్కరోజే కదా గాలి తగిలేది. తిన్నగా ఉన్న రోడ్డు వచ్చినప్పుడు వాళ్ళు కనబడే చెట్టు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి వచ్చి చివర చేరొచ్చు. అలా రెండుమూడుసార్లు చేస్తే మనకంటే ఎక్కువ దూరం తొక్కినట్టే. ఎవరూ తప్పిపోరు, ఎవరికీ విసుగూ రాదు.

అసలు ఎక్కడమే రానివాళ్ళని రోడ్డు మీదికి తీసుకురమ్మని నేను చెప్పడం లేదు. మనకి 8 సైకిళ్ళు ఉన్నాయి. 6 రోడ్డు మీదికి వెళ్ళి, 2 గ్రౌండులో ఉండాలి. వాటి దగ్గర బాగా వచ్చిన ఇద్దరు వంతులవారీగా ఉండి నేర్పాలి. నాకు నేర్పిన అక్క సీటు పూర్తిగా కిందకి దించి, రెండు కాళ్ళూ నేలకి ఆనేలా చేసింది. పెడలు తొక్కొద్దు, కాళ్ళతో నేలని తోసుకుంటూ పో అంది. రెండు ఆదివారాలు అదే పని. తర్వాత కాళ్ళు ఎత్తితే సైకిల్ దానంతటదే నిలబడింది. వెనక క్యారేజీ పట్టుకొని పరుగెత్తడం కంటే ఇదే మేలు. పట్టుకున్నవాళ్ళు వదిలేశారేమో అని మాటిమాటికీ వెనక్కి చూసే బాధ ఉండదు.

రోడ్డెక్కే ముందు ఏ చేతి బ్రేకు ఏ చక్రానిదో ప్రతి ఒక్కరూ నొక్కి చూసుకోవాలి. పల్లంలో రెండూ కలిపి కొంచెం కొంచెంగా పట్టాలి. ముందుది ఒక్కటే పడితే మనిషి హ్యాండిల్ మీదుగా పోతాడు. ఇద్దరు పక్కపక్కన కబుర్లు చెప్పుకుంటూ తొక్కడం ఆపాలి. (ఇది ఎవరి గురించో వాళ్ళకి తెలుసు.)

ఇంక టైము. చలికాలంలో తెల్లవారి మంచులో ఎదురుగా వచ్చే బండి కనబడదు. మంచు విడిచాకే బయలుదేరాలి. అలాగని ఆలస్యం చేస్తే విశాఖపట్నం నుంచి వచ్చే కార్లతో రోడ్డు నిండిపోతుంది. వలిసె పూలు పూసినప్పుడు మరీ ఎక్కువ. ఫోన్లలో ఫొటోల కోసం ఎక్కడ పడితే అక్కడ సడన్‌గా ఆపేస్తారు. అందుకని పెద్ద రోడ్డు వదిలేసి ఊరి రోడ్డులో వెళ్దాం. అక్కడ మహా అయితే కోళ్ళు అడ్డొస్తాయి.

సోషల్ మేడమ్ మాకు ఒక సంగతి చెప్పారు. తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లాలో 1991లో అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు, అక్షరాలతో పాటు ఆడవాళ్ళకి సైకిల్ కూడా నేర్పారట. అప్పుడు కలెక్టరు షీలా రాణి చుంకత్ గారు. పొలం కూలీలు, క్వారీలో రాళ్ళు కొట్టేవాళ్ళు, నర్సులు, అంగన్‌వాడీ టీచర్లు వేలమంది నేర్చుకున్నారు. లేడీస్ సైకిళ్ళు చాలకపోతే మగవాళ్ళ సైకిళ్ళే ఎక్కారు. బీహారులో కూడా 2006లో 9వ తరగతి ఆడపిల్లలకి సైకిళ్ళు ఇచ్చే పథకం మొదలుపెట్టారు. మన క్లాసే! అక్కడ ముందే వచ్చినవాళ్ళని ఏరుకొని నేర్పలేదు కదా.

మా ఇంట్లో బడికి వచ్చినదాన్ని నేనే మొదట. మా అమ్మ బియ్యం కోసం డిపోకి దిగి, మూట ఎత్తుకొని మళ్ళీ ఎక్కుతుంది. మా పై ఊరికి కూడా ఎప్పుడో రోడ్డు పడుతుంది. పడిన రోజున దానిమీద కింద ఊళ్ళవాళ్ళే బండ్లు నడిపితే, మావాళ్ళు పక్కకి జరిగి దారి ఇవ్వాలా? నాతో పాటు మా ఊరి నుంచి ఇద్దరు వచ్చారు. వాళ్ళిద్దరి పేర్లు లిస్టులో లేవు.

మేడమ్ గారూ, వచ్చే ఆదివారం ఒక్కసారి ఇలా చేసి చూడండి. నా పేరు తీసి మా ఊరి అమ్మాయిల్లో ఒకరి పేరు రాయండి. నేను గ్రౌండులో ఉండి ఇంకొకరికి నేర్పుతాను. 3వ నెంబరు సైకిల్ చైను లూజుగా ఉంది, శనివారం లోపల బిగించాలి. స్పానరు వాచ్‌ఉమన్ ఆంటీ దగ్గర ఉంది.

— 9వ తరగతి విద్యార్థిని