కె.ఆర్. పురం గాలి



టిన్ ఫ్యాక్టరీ కూడలివద్ద పాత మద్రాసు రోడ్డును, అవుటర్ రింగ్ రోడ్డును కలియుచున్నవి. అచ్చట నిలిచిన లారీల, బస్సుల పొగ పీల్చుచు బడిపిల్లలు నిత్యము వేచియుందురు. ఈ విషయము ప్రస్తావించినచో, “మన ఊరిలో ఆమ్లవర్షము లేదు గదా!” అని కొందరు మిత్రులు తేలికగా తీసివేయుచున్నారు. ఆ మాట సగమే నిజము.

ఆమ్లవర్షమునకు మూలములు రెండు. బొగ్గు, నూనెలలోని గంధకము కాలి సల్ఫర్ డయాక్సైడ్ పుట్టును. ఇంజనులోని అధికమైన వేడికి గాలిలోని నత్రజని ప్రాణవాయువుతో కలిసి నైట్రోజన్ ఆక్సైడులగును. ఇవి మేఘముల తేమలో ఆమ్లములుగ మారి వానతో దిగును. ఇంగ్లండులో రాబర్ట్ ఆంగస్ స్మిత్ 1872లోనే ఈ పేరు వాడినాడు.

మన దేశమున అనేకచోట్ల నేలదుమ్ములోని సున్నపు గుణము ఆ పులుపును చాలవరకు విరుచుచున్నది. అంతమాత్రమున గాలి శుభ్రమైనట్లు కాదు. ఆ దుమ్మును, ఆ వాయువులనుండి పుట్టిన సన్నని రేణువులును మన ఊపిరితిత్తులలోనికే పోవుచున్నవి. అట్టి రేణువులు ఘనపు మీటరుకు సాలు సగటున 40 మైక్రోగ్రాములు మించరాదని మన 2009 నాటి ప్రమాణము. 5 మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పినది.

ప్రభుత్వము చేసిన మేలును మరువరాదు. 2020 ఏప్రిల్ నుండి డీజిలులో గంధకపు పరిమితి పది లక్షలకు 50 పాళ్లనుండి 10 పాళ్లకు తగ్గినది. 2023లో మెట్రో రైలు మా ఊరిమీదుగ వైట్‌ఫీల్డు చేరినది. కాని గంధకము తగ్గినను, కదలక నిలిచిన బండ్ల పొగయు, వీధి చెత్త మంటయు తగ్గలేదు. బహిరంగముగ చెత్త కాల్చినచో 5,000 రూపాయలు, పెద్దయెత్తున కాల్చినచో 25,000 రూపాయలు వసూలు చేయవలెనని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో ఉత్తరువిచ్చినది. ఉత్తరువు దస్త్రములో చేరినంతనే పని జరిగినట్లు కాదని, జీవితమంతయు దస్త్రములు మోసిన గుమాస్తాగా ఎరుగుదును.

కావున నగరపాలక అధికారులు ఆ జుర్మానా నిజముగ వసూలు చేయవలెను. రోడ్డుపనుల మట్టిని తడిపి కప్పించవలెను. కూడలిలో నాటి గాలి లెక్కను సామాన్యులకు తెలియునట్లు బోర్డుపై వ్రాయించవలెను. తాతల కాలమునుండి ఇచ్చట స్థిరపడిన మన తెలుగువారును రాలిన ఆకులకు వాకిట నిప్పు పెట్టుట మానవలెను. సిగ్నలువద్ద ఇంజను ఆపవలెను. ఇది మన ఊరు. పీల్చువారు మన మనుమలే.

ఇట్లు,
ఒక విశ్రాంత గుమాస్తా,
కె.ఆర్. పురం, బెంగళూరు