ఇరుసు అరిగినచో బేరింగు నిలువదు

పత్తి ఏరుట ముగిసిన పిమ్మట, జనగామ జిల్లా రఘునాథపల్లి మండలమందలి చల్క చేలలో ట్రాక్టరు వెనుక రోటావేటరు దిగి, ఎండి బిరుసెక్కిన పత్తికట్టెను మొదలంటా నరికి మట్టిలో కలుపుచుండగా, ఆ శ్రమనంతయు ఇరుప్రక్కల నిలిచి మోయునవి అరచేతిలో ఇమిడెడు ఉక్కు బేరింగులు మాత్రమే. కట్టెను కాల్చక నేలలో కలుపుట భూసారమునకు మేలనియు, గులాబిరంగు పురుగు తరువాతి పంటకు సంక్రమింపకుండుటకు ఏరుట ముగిసినంతనే మోళ్లను తొలగింపవలెననియు వ్యవసాయ శాస్త్రజ్ఞులు ఏటేట బోధించుచున్నారు. కాని ఆ బోధను ఆచరణలో పెట్టవలసిన యంత్రము సీజను నడుమ మూలబడినయెడల, దానిని శాస్త్రోక్తముగా బాగుచేయు విద్యను గూర్చి అంతటి శ్రద్ధతో చెప్పువారు అరుదు. ఈ కొరత వలన రైతు ధనమును, యంత్రము ఆయువును, మెకానిక్కు పేరును ఏకకాలమున నష్టమగుచున్నవి.

ఈ నష్టము ఎట్లు పుట్టునో మొదట తెలిసికొనవలెను. ట్రాక్టరు శక్తిని వెనుకటి యంత్రమునకు అందించు పీటీఓ నిమిషమునకు 540 చుట్లు తిరుగగా, ఆ వేగము గేరుబాక్సులో తగ్గి, బ్లేడ్లు బిగించిన షాఫ్టును, అనగా ఇరుసును, సుమారు 200 చుట్ల వేగముతో త్రిప్పును. మెత్తని దుక్కిలో బ్లేడుపై పడు భారము ఇంచుమించు సమముగా నుండును గాని, పత్తిమోడు వేరునకో, చల్కలో దాగిన రాతికో తగిలినపుడు ఆ దెబ్బ బ్లేడు నుండి షాఫ్టునకు, షాఫ్టు నుండి బేరింగులోని గుండ్లకు క్షణములో చేరును. అంతకంటె కంటికి కనబడని శత్రువు మరియొకటి కలదు. చేనిలో పడియున్న ప్లాస్టిక్ సుతిలి, డ్రిప్పు పైపు ముక్క, ఇనుప తీగ, పత్తినార మొదలైనవి షాఫ్టు కొనకు చుట్టుకొని, బిగిసి, ఆయిలు సీలు పెదవిని కోసివేయును. సీలు తెగినంతనే లోపలి నూనెయో గ్రీజో బయటికి కారును. బయటి సన్నని ఇసుక లోనికి చొచ్చి, మిగిలిన గ్రీజుతో కలిసి, గుండ్లను, అవి దొరలు గాడిని అరగదీయును. తుదకు బేరింగు బిగుసుకొని గుండ్లు తిరుగనపుడు, తిరుగుట మానని షాఫ్టు బేరింగు లోపలి రింగులో తానే జారి తిరుగనారంభించును. అప్పుడు అరుగునది బేరింగు ఒక్కటియే కాదు, బేరింగు కూర్చుండు షాఫ్టు భాగమును దానితోపాటు అరిగిపోవును.

మన పొరపాటు ఇచ్చటనే మొదలగుచున్నది. పాడైన బేరింగును పుల్లరుతో లాగి పారవైచి, అదే సంఖ్య గల క్రొత్త బేరింగును జనగామనుండియో వరంగల్లునుండియో తెప్పించి, అరిగిన షాఫ్టుపైననే ఎక్కించి పంపుట పల్లెలలో వాడుకయైనది. 6208 అను సంఖ్య గల బేరింగును ఉదాహరణముగా తీసికొందము. చివరి 08ని 5తో హెచ్చించినచో వచ్చు 40 మిల్లీమీటర్లే దాని రంధ్రపు వ్యాసము. ఆ రంధ్రములో షాఫ్టు బిగువుగా నిలుచుటకు అది 40 మిల్లీమీటర్లకంటె 2 నుండి 18 మైక్రానుల వరకు అధికముగా నుండవలెనని ఇంజనీర్లు వాడు కొలతల పట్టికలలో కె6 అను ప్రమాణము చెప్పుచున్నది. మిల్లీమీటరులో వెయ్యవ వంతు మైక్రాను. మనుష్యుని తలవెండ్రుక మందమే సుమారు 70 మైక్రానులు. ఇంతటి సూక్ష్మమైన బిగువు వలసినచోట, అర మిల్లీమీటరు అరిగిన షాఫ్టుపై పంచుతో గంట్లు కొట్టి, లేదా రేకుముక్క చుట్టి, బేరింగును దిగగొట్టినచో అది ఎన్ని దినములు నిలుచును? పంచు గంట్ల అంచులు మాత్రమే రింగును తాకును గనుక, భారము పడినంతనే అవి నలిగిపోవును. రేకు చుట్టినచో రింగు కేంద్రము తప్పి కూర్చుండును. ఏ బేరింగు ఎంత మంచి కంపెనీదైనను ఈ అవస్థలో తన ఆయువును పూర్తి చేయజాలదు.

కేంద్రము తప్పుట వలని హానిని గూర్చి లుండ్‌బెర్గ్, పామ్‌గ్రెన్ అను ఇరువురు స్వీడను శాస్త్రజ్ఞులు 1947లో ప్రకటించిన సూత్రము మనకు స్పష్టమైన లెక్క చెప్పుచున్నది. దాని ప్రకారము గుండ్ల బేరింగుపై భారము రెట్టింపైనచో ఆయువు సగమునకు గాక, ఎనిమిదవ వంతునకు పడిపోవును. వంగిన షాఫ్టును, వంకరగా కూర్చున్న రింగును బేరింగుపై అనవసరమైన అదనపు భారమును మోపుచునే యుండును. క్రొత్త షాఫ్టు ఖరీదు ఎక్కువని వాదించువారు ఈ లెక్కను చూడవలెను. షాఫ్టు సొమ్ము ఒకమారు పోవునది. అరకొర మరమ్మతులో బేరింగు సొమ్ము, కూలి, పోయిన కిరాయి, అదను తప్పిన దుక్కి, ఇవన్నియు మరల మరల పోవునవి.

మరి సరియైన పద్ధతి యేది? ముందుగా బేరింగు ఏల పోయినదో విచారింపవలెను. సీలు తెగెనా, షాఫ్టు వంగెనా, ఇరుప్రక్కల హౌసింగులు ఒకే వరుసలో ఉన్నవా అని చూడక క్రొత్తది వేయుట రోగము నెరుగక మందిచ్చుట. పిదప షాఫ్టును శుభ్రపరచి మైక్రోమీటరుతో కొలువవలెను. అరిగినది కొద్దిపాటియైనచో వెల్డింగు పోసి లేతు పట్టించి యథాప్రమాణమునకు తేవచ్చును గాని, ఈఎన్-8 వంటి ఉక్కులో కార్బను సుమారు 0.4 శాతముండును గనుక, ముందుగా వేడిచేయక వెల్డింగు పోసినచో ప్రక్కభాగము పెళుసై పగులు ప్రమాదము కలదు. పగులు కనబడినను, వంపు తేలినను షాఫ్టు మార్చుటయే మేలు. బేరింగును సుమారు 100 డిగ్రీల సెల్సియసు వరకు వేడిచేసినచో 40 మిల్లీమీటర్ల రంధ్రము దాదాపు 30 మైక్రానులు విప్పారి, సుత్తిదెబ్బ లేకయే షాఫ్టుపైకి జారును. వెలుపలి రింగుపై కొట్టి లోపలి రింగును ఎక్కించుట ఎన్నటికిని కూడదు. ఆ దెబ్బ గుండ్లగుండా పోయి గాడిలో గుంటలు చేయును. బ్లేడు ఫ్లాంజికి వెల్డింగు చేయునపుడు ఎర్తు క్లాంపును ట్రాక్టరుకో ఫ్రేముకో తగిలించినచో కరెంటు బేరింగుగుండా ప్రవహించి దానిని లోలోపల కాల్చును. వెల్డింగు చేయు భాగమునకే ఎర్తు తగిలింపవలెను. బేరింగు మార్చినపుడెల్ల సీలు మార్చుట విధి.

ఇంత చెప్పుటలో మన మెకానిక్కులను నిందించు తలంపు నాకు లేదు. రైతు ట్రాక్టరును ముంగిట నిలిపి సాయంత్రమునకే కావలెనని తొందరపెట్టుచుండగా, కొలత పరికరము లేక, కంపెనీ కొలతల పట్టిక అందక, అసలుకు నకలునకు భేదము తెలియని పెట్టెలలో వచ్చు బేరింగులతో వారు పని గడుపుచున్నారు. చేతిలో నేర్పు కలదు. ఆ నేర్పునకు ఆధారము కావలెను. ఒకనాడు హైదరాబాదులోని మౌలాలియందే బేరింగుల కర్మాగారము ఉండెను, 1981లో హెచ్.ఎం.టి. స్వీకరించిన ఆ సంస్థను మూసివేయుటకు కేంద్ర ప్రభుత్వము 2016 జనవరిలో అనుమతించెను. తయారుచేయు సంస్థ పోయినను, మరమ్మతు విద్యయైనను మన నేలపై నిలుపుకొనవలదా?

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో మరమ్మతు హక్కును గూర్చి సంఘమును నియమించి, వ్యవసాయ పరికరములను మొదటి రంగములలో ఒకటిగా చేర్చెను. అమెరికాలోని కొలరాడో రాష్ట్రము 2023లో వ్యవసాయ యంత్రముల మరమ్మతు హక్కును శాసనముగానే చేసెను. మనయందును సబ్సిడీపై అమ్ముడుపోవు ప్రతి రోటావేటరుతోపాటు బేరింగు సంఖ్యలు, షాఫ్టు కొలతలు, బిగింపు పద్ధతి తెలుగులో అచ్చువేసి ఇయ్యవలెనను నిబంధన ఉండుట న్యాయము. మన రాష్ట్రములో 65 ప్రభుత్వ ఐటీఐలను అధునాతన సాంకేతిక కేంద్రములుగా మార్చుట 2024లో చేపట్టిరి; రోబోటుతోపాటు రోటావేటరు షాఫ్టునకును అందు చోటు కల్పింపవలెను. పల్లె మెకానిక్కులకు స్వల్పకాలిక శిక్షణము, ప్రతి మండలమున ఉమ్మడిగా వాడుకొనుటకు మైక్రోమీటరు, పుల్లరు, బేరింగు వేడిచేయు పరికరము సమకూర్చుట ప్రభుత్వమునకు పెద్ద భారము కాదు.

రైతులకును ఒక మనవి. పని ముగిసిన సాయంత్రమే షాఫ్టు కొనలకు చుట్టుకొన్న తీగను, నారను కోసి తీయుడు. దుక్కులు మొదలగునాటికి గాక వేసవిలోనే యంత్రమును విప్పించుడు. బేరింగు మార్చుమని చెప్పునపుడు, షాఫ్టును కొలిచి చూపుమని మెకానిక్కును అడుగుడు. కొలుచుటకు అతనికి ఒక దినము గడువిండు.