పప్పు చిక్కబడాలి

"షుగర్ బార్డర్‌లో ఉందట. ఇప్పుడే మందులు అక్కర్లేదన్నారు." ఈమధ్య ఏ పెళ్లికి వెళ్లినా, ఎవరింటికి వెళ్లినా ఈ మాట వినపడుతోంది. చెప్పేవాళ్ల గొంతులో గండం గట్టెక్కిన ఊరట ఉంటుంది. రిపోర్టు మడిచి బీరువాలో పెట్టేస్తారు. అది మళ్లీ బయటికి వచ్చేనాటికి చాలామందికి బిళ్లలు మొదలవుతాయి.

పరగడుపున రక్తంలో చక్కెర 100 నుంచి 125 మధ్య ఉన్నా, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉన్నా దాన్నే బార్డర్ అంటున్నారు. తిండితో జబ్బును ఆపగలిగే అవకాశం అన్నిటికంటే ఎక్కువగా ఉండేది సరిగ్గా అప్పుడే. ఆ అవకాశాన్నే మనం చేజేతులా వదిలేసుకుంటున్నాం.

ఇది ఉత్తి నమ్మకం కాదు. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం ఇలాంటి బార్డర్ మనుషులనే 500 మందికి పైగా తీసుకుని మూడేళ్ల పాటు గమనించింది. ఫలితాలు 2006లో వచ్చాయి. మామూలు సలహాతో వదిలేసిన వాళ్లలో నూటికి 55 మందికి షుగర్ వచ్చేసింది. తిండి మార్చుకుని, నడక పట్టుకున్నవాళ్లలో నూటికి 39 మందికే వచ్చింది. మెట్‌ఫార్మిన్ బిళ్ల వేసుకున్నవాళ్లలోనూ దాదాపు అంతే. అంటే ఆ దశలో కంచం చేసే పని బిళ్ల చేసే పనికి ఏమాత్రం తీసిపోలేదు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్లు, బార్డర్‌లో ఉన్నవాళ్లు 13.6 కోట్లు. ఈ రెండో అంకెలో ఉన్నవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

బార్డర్ అని తెలియగానే కొంత భయపడేవాళ్లు చేసే మొదటి పని అన్నం మానేసి చపాతీలకు మారడం. లేదంటే కొర్రలు, సామలు, అండుకొర్రలు తెచ్చుకోవడం. ఇంకొందరు 'షుగర్ లెస్ రైస్' అని బోర్డు పెట్టి అమ్మే బియ్యం ఎక్కువ ధరకు కొంటారు. వీటి మీద నాకు వ్యతిరేకత లేదు. చిరుధాన్యాల్లో పీచు ఉంది, ఖనిజాలు ఉన్నాయి, వాన తక్కువైనా పండుతాయి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో రూపొందిన తెలంగాణ సోనా వరి మంచి వంగడమే, మిగతా సన్నబియ్యం కంటే రక్తంలో చక్కెరను నిదానంగా పెంచుతుంది. కానీ రెండు గుట్టల అన్నం తినే మనిషి రెండు గుట్టల కొర్రన్నం తింటే ఒరిగేదేమిటి? 2025లో 'నేచర్ మెడిసిన్' పత్రికలో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం ఇదే చెప్పింది. మన దేశంలో తిండి ద్వారా వచ్చే శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోంది. ఆ మొత్తం తగ్గించకుండా బియ్యం స్థానంలో గోధుమపిండినో చిరుధాన్యాల పిండినో తెచ్చినంత మాత్రాన షుగర్ ముప్పు తగ్గినట్టు కనిపించలేదు. మొత్తం శక్తిలో ఓ 5 శాతం మేర పిండిపదార్థాన్ని పప్పుల వంటి శాకాహార ప్రోటీన్‌తోనో, పాలు పెరుగులతోనో భర్తీ చేస్తే ముప్పు తగ్గుతుందని తేలింది. ధాన్యం పేరు మార్చడం కాదు, ధాన్యం తగ్గాలి.

మనం అన్నం ఎలా తింటామో ఒక్కసారి చూడండి. పచ్చడో పొడో వేసుకుని, నెయ్యి చుక్క వేసి నాలుగు ముద్దలు. తర్వాత పప్పన్నం. ఆ తర్వాత కూర కలుపుకుని కాస్త. చారో పులుసో పోసుకుని ఇంకో విడత. చివర పెరుగన్నం తినకపోతే భోజనం చేసినట్టే ఉండదు. అయిదు రకాలు తిన్నామనుకుంటాం. అయిదు విడతల్లోనూ కంచంలో పడింది అన్నమే. కూర ఒక గరిటె, అదీ బంగాళాదుంప వేపుడైతే మళ్లీ పిండిపదార్థమే. వడ్డించే చేయి కూడా "ఇంకాస్త అన్నం పెట్టనా?" అంటుందే గాని "ఇంకాస్త కూర వెయ్యనా?" అనడం తక్కువ. కూర అందరికీ సరిపోవాలి కదా మరి.

ఇక పప్పు. నలుగురున్న ఇంట్లో పూటకు ఓ 100 గ్రాముల కందిపప్పు ఉడికిస్తారనుకుందాం. అందులో ఉండేది 22 గ్రాముల ప్రోటీన్. నాలుగు కంచాల్లోకి పంచితే మనిషికి అయిదున్నర గ్రాములు. అదే పూట మనిషికి 150 గ్రాముల బియ్యం వండితే 117 గ్రాముల పిండిపదార్థం ఒంట్లోకి వెళ్తుంది. పప్పులో తోటకూర, పాలకూర, గోంగూర ఎంత వేసినా మంచిదే. పలచన చేసేది నీళ్లు. చుట్టాలొస్తే ఇంకో గ్లాసు నీళ్లు. అందరూ తిన్నాక ఆఖర్న కూర్చునే ఇల్లాలికి ఆ పప్పులోనూ అడుగున మిగిలిందే దక్కుతుంది. అన్నానికి మాత్రం లోటుండదు. ఆకలి తీరడానికి ఆమె అన్నమే ఎక్కువ పెట్టుకుంటుంది. ఆ ఇల్లాలికి షుగర్ వస్తే "ఏం తింటుందని వచ్చింది?" అంటారు. ఆమెకు తినడానికి మిగిల్చింది అన్నమొక్కటే అని మాత్రం ఎవరూ గుర్తు చేసుకోరు.

మార్చుకోవాల్సింది ఈ లెక్కే. ముందు కూర, పప్పు తిని ఆ తర్వాత అన్నం తింటే భోజనం తర్వాత చక్కెర అంతగా పెరగదని పరిశోధనల్లో తేలింది. కంచంలో సగం మేర కూరగాయలు, ఆకుకూరలు ఉండాలి. చిక్కటి పప్పో, గుడ్డో, చేపో, శనగలో మరో పావు. అన్నానికి మిగిలిన పావు చాలు. పెరుగు చిన్న గిన్నెలో విడిగా తినొచ్చు, దాని కోసం మళ్లీ అన్నం పెట్టుకోనక్కర్లేదు. పొద్దున ఉప్మా, పూరీల కంటే పెసరట్టు ఎంతో మేలు. లోపల ఉప్మా కూరితే మాత్రం ఆ మేలు సగం పోయినట్టే. టీ సంగతి కూడా చూసుకోండి. కప్పుకు రెండు చెంచాలు, రోజుకు నాలుగు కప్పులంటే 40 గ్రాముల పంచదార. ప్రపంచ ఆరోగ్య సంస్థ 25 గ్రాముల లోపు ఉంటే మంచిదంటోంది.

ఇంతా చెప్పాక ఓ మాట. ఇదంతా ఇష్టం మీద, క్రమశిక్షణ మీద ఆధారపడిన సంగతని చెప్పి ఊరుకుంటే అన్యాయం. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 2,000 కేలరీలు తీసుకునే మనిషికి రోజుకు ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు కావాలి. ఆ లెక్కన నలుగురున్న కుటుంబానికి నెలకు పది కిలోల పప్పు. తెలంగాణలో ఆ కుటుంబానికి రేషన్ షాపులో 24 కిలోల సన్నబియ్యం ఉచితంగా వస్తోంది. కిలో వంద దాటిన కందిపప్పును మాత్రం బజార్లో కొనుక్కోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో రాయితీ కందిపప్పు అందిన నెలలూ ఉన్నాయి, అందని నెలలూ ఉన్నాయి.

1983లో ఎన్టీఆర్ రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చినప్పుడు పేదల ముందున్నది ఆకలి. ఆ బియ్యం ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగించింది, ఆ మేలు మరువరానిది. నలభై ఏళ్లు దాటాయి. కడుపు నిండుతోంది, నిండిన కడుపుతోనే జబ్బు వస్తోంది. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ రేషన్ కార్డు మీద మనిషికి నెలకు కనీసం ఒక కిలో పప్పు, ఏ నెలా తప్పకుండా ఇవ్వాలి. అందుకోసం బియ్యంలో ఒక కిలో తగ్గించినా ఫర్వాలేదు. ఈసారి మీ ఊరికి ఓటడగడానికి వచ్చినవాళ్లను ఈ కిలో పప్పు గురించి నిలదీయండి.